ఈత అవుటాఫ్ సిలబస్

సర్ఫింగ్ నేర్చుకోవాలంటే సముద్రానికి వీలైనంత దూరంగా ఉండాలి. ఈ మాట మీకు వింతగా తోస్తే మీరింకా అమీర్‌పేట చూడలేదన్నమాట!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి సముద్రమంటే లెక్కుండదు. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి చూస్తాడు, మొహం కడుక్కుని మర్చిపోతాడు. అదే ఆరువందల కిలోమీటర్ల దూరంలో, నాలుగో అంతస్తులో, కిటికీ తీస్తే పక్క హాస్టల్ వాళ్ళ తువ్వాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించని గదిలో కూర్చున్నవాడికి సముద్రం మీద ఎంత ఏకాగ్రత కుదురుతుంది! అలల చప్పుడు లేదు. ఉప్పు గాలి లేదు. కాళ్ళకు ఇసుక అంటదు. చదువుకు అడ్డొచ్చేది ఒక్కటీ లేదు. అసలు సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని సర్ఫింగ్ నేర్పడం ధర్మమేనా? పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళ్ళినట్టు కాదూ?

నా పేరు రాఘవయ్య. వయసు డెబ్బై ఒకటి. చదువు ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి. ఆపైన చదవకపోవడానికి నా తెలివితో సంబంధం లేదు, ఆపైన మా బళ్ళో తరగతులే లేవు. ప్రస్తుతం మధురానగర్‌లో ఉంటున్నాను. మా ఇంటి నుంచి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందుకు నా మోకాళ్ళతో నడిస్తే పావుగంట, మా ఆవిడ కమలకుమారి నడిస్తే ఏడు నిమిషాలు.

ఆ సందులో చెయ్యి చాపి నడవకూడదు. చాపితే అందులో పాంప్లెట్ పెడతారు. ఒకరోజు వాన పడుతోందేమో చూద్దామని చెయ్యి చాపాను. ఇంటికి చేరేసరికి పదకొండు కోర్సుల డెమో క్లాసుల్లో నా పేరు ఎక్కిపోయింది!

ఇక 'సార్' అన్న పిలుపు సంగతి. ఆ సందు మొదట్లో ఉన్న మైత్రీవనం భవనం ముందు నిలబడి 'సార్!' అని ఒక్క కేక వేసి చూడండి. నూట నలభై మంది వెనక్కి తిరుగుతారు. పరుగెత్తే ఆటోలు ఆగుతాయి, ఎర్రలైటు పచ్చగా మారడానికి కూడా కాస్త జంకుతుంది. అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళలో చాలామందికి ఇల్లూ పొలమూ ఏమీ ఉండవు. ఉన్న ఆస్తల్లా ఆ పిలుపే. అది పోతే మనిషికి నిలువ నీడ లేనట్టే.

ఇది గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

ఆ రోజు చేతికొచ్చిన పదకొండు పాంప్లెట్లలో ఒకటి నన్ను పట్టేసింది. "కోర్ సర్ఫింగ్, అడ్వాన్స్‌డ్ సర్ఫింగ్. నలభై అయిదు రోజులు. సర్ఫింగ్‌లో పదకొండేళ్ళ అనుభవం గల దుర్గేష్ సార్ గారిచే శిక్షణ. రియల్ టైమ్ ప్రాజెక్ట్ కలదు."

సర్ఫింగ్ ఎవరికి కావాలంటారా? అమాయకులు! ఉద్యోగాల ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళందరూ బయోడేటాలో హాబీ అన్నచోట 'పుస్తకాలు చదవడం' అని రాసి రాసి, అడిగేవాళ్ళకు విసుగు పుట్టించారు. ఇప్పుడు 'సర్ఫింగ్' అని రాస్తే అడిగేవాడు కుర్చీలో నిటారుగా కూర్చుంటాడట. అంచేత అరవై మంది పిల్లలు చేరారు. అరవై ఒకటోవాణ్ణి నేను. నాకు ఉద్యోగం అక్కర్లేదు గానీ ఆ క్లాసులో ఏసీ ఉంది.

ఇంట్లో చెబితే కమలకుమారి నన్ను ఎగాదిగా చూసింది.

"సర్ఫింగా? అమ్మయ్య, ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది. వెళ్ళి శుభ్రంగా నేర్చుకోండి. నలభై ఎనిమిదేళ్ళుగా మీ బనీన్లు నేనే ఉతుకుతున్నాను."

సర్ఫ్ పొట్లానికీ, పలకెక్కి అలల మీద జారే సర్ఫింగ్‌కీ సంబంధం లేదని నేను చెప్పలేదు. సంసారంలో కొన్ని అపార్థాలను కాపాడుకోవాలి.

దుర్గేష్ సార్‌కు ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. సిద్దిపేట వైపు మనిషి. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, జేబులో మూడు రంగుల మార్కర్లతో ఉంటాడు. పదకొండేళ్ళు జావా అనే కంప్యూటర్ భాష చెప్పాడు. ఇప్పుడు ప్రోగ్రాములు యంత్రాలే రాసుకుంటున్నాయని జావా బ్యాచ్ పలచబడేసరికి సర్ఫింగ్‌కు మారాడు. మరి పదకొండేళ్ళ అనుభవం ఎక్కడిదని మీరు అడుగుతారు, నేనూ అడిగాను.

"ఇంటర్నెట్ సర్ఫింగ్ సుత సర్ఫింగే గద అంకుల్!" అన్నాడు ఆయన, కన్ను కూడా ఆర్పకుండా.

చూశారా, ఎంత సత్యసంధత! పాంప్లెట్‌లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇక పాఠమంటారా, అమోఘం. నీలం మార్కర్‌తో తెల్లబోర్డు మీద సముద్రం గీసేవాడు. అల అనగానేమి? అలలు ఎన్ని రకములు? పలక మీద లేచి నిలబడుటకు గల అయిదు మెట్లు ఏవి? మేం గబగబా రాసుకునేవాళ్ళం. గంట అయ్యాక డస్టర్‌తో సముద్రాన్ని తుడిచేసి, ఆ బోర్డు మీదే తరువాతి బ్యాచ్‌కు ఇంకోటి చెప్పేవాడు. రెండువందల పన్నెండు పేజీల రన్నింగ్ నోట్స్, జిరాక్స్ కాపీ, స్పైరల్ బైండింగ్. అంత సముద్రాన్ని అంత పొందికగా ఎవరు కుట్టగలరు?

ప్రాక్టికల్స్ లేవనుకోకండి. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను పడుకోబెట్టి, దాని మీద చెక్క పలక వేసి, ఒక్కొక్కరినీ నిలబెట్టేవాడు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్. పక్కన మినరల్ వాటర్ క్యాన్‌లో రెండు గుప్పిళ్ళ కల్లుప్పు కలిపి, మగ్గుతో మొహాన కొట్టేవాడు. ఆ దెబ్బకు మధులత అనే అమ్మాయి సిలిండర్‌తో సహా దొర్లుకుంటూ పోయి, మెట్లు దిగి, సందు దాటి, ఎదురు హాస్టల్ డైనింగ్ హాల్లో తేలింది. అక్కడ ఉప్మా తిని తిరిగొచ్చింది. నేను కళ్ళారా చూశాను. నమ్మకపోతే మీ ఖర్మ.

బ్యాలెన్స్ కోసం మెట్రో. అమీర్‌పేటలో ఎక్కి పంజాగుట్ట వరకు దేన్నీ పట్టుకోకుండా నిలబడాలి. పంజాగుట్టలో బ్రేకు పడినప్పుడు వచ్చే ఊపు 'చిన్న అల'. మనుషులందరూ ఒకేసారి దిగబోతూ నెట్టే నెట్టు 'పెద్ద అల'. ఇక బోరబండ షేర్ ఆటోలో డ్రైవర్ సీటు చివర సగం కూర్చుని స్పీడ్ బ్రేకర్లు దాటడం అడ్వాన్స్‌డ్ కోర్సు. అది పాసైనవాడికి పసిఫిక్ మహాసముద్రం ఒక పిల్లకాలువ!

ఇంత హాయిగా సాగుతున్న చదువును ఆ మధులతే చెడగొట్టింది. నారాయణఖేడ్ పిల్ల. ఏదైనా చదివితే పూర్తిగా చదివే దురలవాటు ఉంది. ముప్పయ్యో రోజున లేచి నిలబడింది.

"సార్, పాంప్లెట్‌ల రియల్ టైమ్ ప్రాజెక్ట్ అని ఉన్నది గద? గది ఎప్పుడు? ఏ బీచ్‌కు తీస్కపోతరు?"

క్లాసంతా చప్పట్లు! దుర్గేష్ సార్ మొహం మాత్రం బోర్డు కంటే తెల్లగా అయిపోయింది.

ఆ సాయంత్రం నన్ను ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళాడు. చాయ్ చల్లారుతున్నా తాగడు. ఉస్మానియా బిస్కెట్ విరిచి, విరిచి, పొడి చేశాడు.

"అంకుల్, ఒక ముచ్చట. ఎవరికి చెప్పొద్దు."

"నా కడుపులో పడితే బావిలో పడ్డట్టే" అన్నాను. ఆ బావి నీళ్ళు ఊరంతా తాగుతారని చెప్పలేదు.

"నేను సముద్రం చూడలె."

"ఈ మధ్య చూడలేదా?"

"ఎప్పుడూ చూడలె అంకుల్! మా దిక్కు చెరువులే. జావా చెప్తుంటే ఒక్క ఆదివారం దొరకకపోయె. గిప్పుడు పిల్లల ముంగట నా ఇజ్జత్ పోతది. సార్ అని పిలిచేటోళ్ళే నన్ను చూసి నవ్వుతరు. మీరు ఆంధ్రోళ్ళు గద, జర చెప్పున్రి, సముద్రం ఎట్లుంటది?"

ఏం చెప్పను? సముద్రం గురించి ఒకడు నన్ను అడగడం, నేను నిజం చెప్పడం, రెండూ ఒకే రోజు జరిగే పనులా? నా నాలుక నా మాట వినలేదు. మా వైపు అలలు క్రమశిక్షణ గలవని, పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కుతాయని, ఆదివారం వాటికి సెలవని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు!

మర్నాడు నోట్స్‌లో ఒక పేజీ మారి వచ్చింది. "గమనిక: అలలకు ఆదివారం సెలవు." అరవై కాపీలు. డెబ్బై ఒక్కేళ్ళలో నా మాట జిరాక్స్ కావడం అదే మొదటిసారి. అది అబద్ధమని చెప్పాలనుకున్నాను గానీ, అచ్చులో చూసుకున్నాక ఎవడికి మనసొప్పుతుంది?

మొత్తానికి కోర్సు చివరి వారంలో, రైలు ఖర్చు పెట్టుకోగలిగిన పద్దెనిమిది మంది పిల్లలు, సార్, నేను బయల్దేరాం. కమలకుమారి నా చేతికి ఒక మూట ఇచ్చింది. అందులో ఆరు బనీన్లు, రెండు దుప్పట్లు, ఒక కర్టెన్.

"ఎలాగూ ప్రాక్టికల్స్ అన్నారుగా, ఇవి కూడా చూడండి" అంది.

సాయంత్రం రైలెక్కి పొద్దున విశాఖలో దిగాం. అక్కడి నుంచి వ్యాన్లలో ఒక చిన్న ఊరికి. ఆ బీచ్ పేరు చెప్పను. చెబితే వచ్చే శనివారానికి మీరందరూ అక్కడే ఉంటారు. ఇప్పటికే అక్కడ ఇసుక కనిపించడం లేదు. ఎక్కడ చూసినా పలకలు, పలకల పక్కన మనుషులు, మనుషుల చేతుల్లో ఫోన్లు. ఒక చిన్న అల వస్తే ముప్పై మంది దాని మీదికి ఉరికారు. అల ఒడ్డు చేరకుండానే నడుం పట్టేసినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. ఒకాయన పలక మీద నిలబడ్డ భంగిమలో ఇసుకలోనే ఫొటో దిగి, చొక్కా కూడా తడవకుండా, ముంత మసాలా తింటూ కారెక్కాడు. ఆయనది కూడా మా సిలబస్సే అయి ఉంటుంది.

దుర్గేష్ సార్ వ్యాన్ దిగాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. మెల్లగా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"గింత ఉంటదా!"

అంతే. నీలం మార్కర్‌తో మూడు గీతల్లో గీసిన దాన్ని, డస్టర్‌తో ఒక్క ఊపులో తుడిచేసిన దాన్ని, ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. జేబులో మార్కర్లను చెయ్యి తడుముకుంటోంది.

అప్పుడు మధులత నోట్స్ తెరిచింది. "సార్, ఇయ్యాల ఆదివారం గద. అలలకు సెలవని రాసి ఉన్నది. మరి గివి ఎందుకొస్తున్నయ్?"

"ఓవర్ టైమ్ అయ్యుంటుందమ్మా" అన్నాను నేను చప్పున. చేసిన పాపం మనిషిని ఎంత చురుగ్గా చేస్తుందో!

ఇంతలో మెడలో విజిల్ వేలాడేసుకుని, ఎండకు కాగి నిగనిగలాడుతున్న మనిషొకడు మా వైపు వచ్చాడు. వయసు ముప్పై పైన. ఆ బీచ్‌లో సర్ఫింగ్ నేర్పేది అతనే. వస్తూ వస్తూ ఆగి, కళ్ళు చిట్లించి, ఇసుక ఎగిరేలా పరుగెత్తుకొచ్చాడు.

"సార్! దుర్గేష్ సారే కదండీ? నానండీ, జోగారావుని! మర్సిపోనారా? రెండువేల పదహారు, ఏడున్నర బ్యాచ్, మూడో బెంచీ!"

దుర్గేష్ సార్‌కు ప్రాణం లేచొచ్చిందో, పోయిందో చెప్పలేను. "జోగారావ్! నువ్విక్కడ..."

"మాది ఈ ఊరే కదండీ. జావా నేర్సుకుందామని అమీర్‌పేట వొచ్చినాను. ఉద్దోగం రానేదు. మా అయ్య తెప్ప మీద పుట్టి పెరిగినోణ్ణి, ఈ పలకొక లెక్కా అని ఎక్కీసినాను. ఇదిగో, ఇలగున్నాను."

చదువరులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన విద్యావిధానానికి దండం పెట్టుకుందాం. సముద్రంలో పుట్టినవాడు కంప్యూటర్ నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళ్ళాడు. కంప్యూటర్ల మధ్య బతికేవాళ్ళం సముద్రం నేర్చుకోవడానికీ అమీర్‌పేటే వెళ్ళాం. ఎటు తిరిగినా అమీర్‌పేటకు అన్యాయం జరగలేదు!

జోగారావు విజిల్ ఊది మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. సరిగ్గా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎవులెవులికి ఈతొచ్చు? సేతులెత్తండి."

పిల్లల చేతులు జేబుల్లోకి వెళ్ళాయి.

మధులత స్పైరల్ బైండింగ్ తిరగేస్తోంది. మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి. రెండువందల పన్నెండు పేజీలు. అలలు ఎన్ని రకములో ఉంది. పలకకు పూసే మైనం గురించి నాలుగు పేజీలున్నాయి. 'ఈత' అన్న మాట లేదు.

"సార్, గిది అవుటాఫ్ సిలబస్!" అంది ఏడుపు గొంతుతో.

చెయ్యెత్తింది నేనొక్కణ్ణే. అందులో నా గొప్పేమీ లేదు. మా ఊరి బడి కాలువకు అవతల ఉండేది, ఇళ్ళు ఇవతల. వంతెన ఎలక్షన్లకు మాత్రమే ఉండేది. కాబట్టి ఈత రానివాడికి మా బళ్ళో అడ్మిషన్ లేదు. వానాకాలంలో మా మాస్టారు గేదె వీపు మీద నిలబడి, ఒక చేత్తో హాజరుపట్టీ, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని కాలువ దాటేవారు. పట్టీ మీద ఒక్క చుక్క పడేది కాదు. ఆ గేదెకు ఎక్కాలు పన్నెండు వరకు వచ్చు. పదమూడో ఎక్కం దగ్గర మునిగేది.

సరే, నా గొడవ పక్కన పెట్టండి. జోగారావు ఈసారి దుర్గేష్ సార్ వైపు తిరిగాడు.

"సార్, మరి మీకో?"

పద్దెనిమిది తలలు ఒక్కసారి తిరిగాయి. చెప్పాను కదా, ఆయనకున్న ఆస్తల్లా ఒక్క పిలుపు. అది ఆ క్షణాన నోరు తెరిస్తే పోతుంది, తెరవకపోతే సముద్రంలో పోతుంది. ఆయన చేతిలోని చెప్పులకు అంటిన ఇసుక దులపసాగాడు. నా నాలుకకేమో, అదేం విచిత్రమో, ఒక్క అబద్ధం తట్టలేదు.

జోగారావు ఆ మొహం ఒక్క రెప్పపాటు చూశాడు. వెంటనే గట్టిగా నవ్వేశాడు.

"నానొక ఎర్రిబాగులోణ్ణి! సార్‌ని పట్టుకుని ఈతొచ్చా అంటన్నాను! రండి సార్, సీనియర్లకి అటేపు వేరే సోటుంది. పిల్లలూ, మీరీలోగా పలకలకి మైనం రాస్తుండండి. తాతగారూ, మీరూ రండి, తోడుగుంటారు."

రాళ్ళ అవతలికి తీసుకెళ్ళాడు. మోకాలి లోతు నీళ్ళలో దుర్గేష్ సార్ రెండు చేతులతో జోగారావు మోచెయ్యి పట్టుకున్నాడు, చెట్టును పట్టుకున్నట్టు.

"భయపడకండి సార్. నాకు గుర్తుంది. నాకాయేల జావాలో లూపు పాఠం బుర్రకెక్కనేదు. అందరి ముందరా అనకండా మెట్ల కాడికి పిలిసి, మూడు రోజులు సెప్పినారు. మర్సిపోతానేటి?"

దుర్గేష్ సార్ నీళ్ళలోకి చూస్తూ అన్నాడు. "గప్పుడు నాకు సుత ఆ లూప్ సక్కగ రాదురా జోగారావ్. నీకు చెప్పుకుంట నేను నేర్చుకున్న."

"తెలుసండి."

"తెలుసా!"

"మీరు బోర్డు మీద తప్పు రాసి, మేం సూడకముందే తుడిసీసేవోరు కదా. మూడో బెంచీకి బాగా కనబడతాదండి." జోగారావు నవ్వాడు. "అయినా రెండొందల మందిలో నన్ను పేరెట్టి పిలిసినోరు మీరొక్కరే. మిగతా సార్లు 'ఏయ్, థర్డ్ బెంచ్' అనేవోరు."

దుర్గేష్ సార్ ఏదో అనబోయాడు. సముద్రానికి ఇలాంటి ముచ్చట్లంటే ఓర్పు ఉండదు. ఒక అల వచ్చి, ఇస్త్రీ చొక్కాతో, మూడు రంగుల మార్కర్లతో సహా ఆయన్ను ఎత్తి పడేసింది. జోగారావు కాలరు పట్టి లేపాడు. సార్ ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు. జేబు నీలంగా కారుతోంది. రెండుసార్లు దగ్గి, కళ్ళు పెద్దవి చేసి అన్నాడు.

"నిజంగనే ఉప్పగున్నది!"

ఉప్పు కలిపిన క్యాన్‌తో ఇన్ని రోజులు మా మొహాలు కడిగిన మనిషి!

తరువాత ఆయన చేసింది నేను ఊహించలేదు. జోగారావు చెయ్యి వదిలేసి, నీళ్ళు కారుతూ, రాళ్ళు దాటి పిల్లల దగ్గరికి నడిచాడు. నేను వెనకాల పరుగెత్తాను, మోకాళ్ళు ఊరుకున్నంత వరకు.

"అందరు ఇనున్రి," అన్నాడు. "నాకు ఈత రాదు. సముద్రం సుత ఇయ్యాలనే ఫస్టు చూస్తున్న. నోట్స్ మొత్తం ఫోన్‌ల చూసి రాసిన. ఆదివారం సెలవన్నది మాత్రం..." అని నా వైపు చూశాడు. "గది కూడ నా తప్పే. అడిగినందుకు."

ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీశారు. ఒకడు ఫక్కున నవ్వాడు. అయిపోయింది, ఆస్తి జప్తు అయిపోయిందనుకున్నాను.

మధులత నోట్స్ మూసింది. ఆ రెండువందల పన్నెండు పేజీలను ఇసుకలో పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద నా బట్టల మూట పెట్టింది.

"మరిప్పుడు ఏం చేద్దాం సార్?"

సార్! ఆ పిల్ల నోటి నుంచి అలాగే వచ్చింది, ముందురోజు ఎలా వచ్చిందో అలాగే.

"ఈత నేర్చుకుందం," అన్నాడు దుర్గేష్. "జోగారావ్ సార్ చెప్తడు."

జోగారావు వెనక్కి తిరిగి చూశాడు, సార్ ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. అతనే.

ఆ పూటంతా పద్దెనిమిది మందీ, వాళ్ళ సారూ నడుం లోతు నీళ్ళలో కాళ్ళు తపతప కొట్టారు. ఎవరూ పలక ఎక్కలేదు. నేను మాత్రం, ఈతొచ్చినవాణ్ణి కాబట్టి, బోర్లా పడుకుని ఒక అల మీద వచ్చాను. పలకను 'హెయ్, హెయ్' అని అదిలించాను, గేదెలను తోలిన పాత అలవాటు. ఎంత దూరం వచ్చానంటారా? సింహళంలో ఎవరో దీపం వెలిగిస్తుంటే కనబడింది. పట్టపగలే! జోగారావు మాత్రం పది గజాలంటాడు. అతనికి కొలతలు రావు.

బనీన్లు కూడా జాడించాను. ఉప్పునీళ్ళలో జాడించిన బనీన్లు ఎండితే అప్పడాల్లా అవుతాయని నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక కమలకుమారి ఒక బనీనును గోడకు ఆనించి నిలబెట్టి చూసింది. నిలబడింది.

"నలభై అయిదు రోజులు నేర్చుకున్నది ఇదా?" అంది. అది కూడా సిలబస్‌లో లేదు.

ఇప్పుడు నా వాదనలోని అసలు నీతికి వద్దాం. సముద్రం మనిషిని ఎంత పాడు చేస్తుందో చూడండి!

వెనక్కి రాగానే దుర్గేష్ సార్ వీధిలో పెట్టిన బోర్డు మార్చాడు. 'పదకొండేళ్ళ అనుభవం' పోయింది. 'రియల్ టైమ్' పోయింది. మిగిలింది ఒక్క ముక్క: 'ముందు ఈత. మీకు వచ్చా?' పొద్దున ఆరింటికి స్విమ్మింగ్ పూల్‌లో ఆయనా ఒక విద్యార్థే. ఎవరైనా వచ్చి సర్ఫింగ్ ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగితే, "నాకు తెల్వదు, నేను సుత నేర్చుకుంటున్న" అంటాడు. అమీర్‌పేటలో! పట్టపగలు! 'నాకు తెల్వదు' అన్న మాట ఆ సందులో వినబడటం బహుశా అదే మొదటిసారి. పక్క గదిలో పైథాన్ అనే ఇంకో కంప్యూటర్ భాష చెప్పే సార్ ఉలిక్కిపడి కిటికీ మూసుకున్నాడట.

ఎదురుగా వెంటనే ఇంకో ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. దాని బోర్డు మా వీధి నుంచి కూడా కనబడుతుంది. "ఈత అక్కర్లేదు! సముద్రం అక్కర్లేదు! ఇరవై రోజుల్లో సర్ఫింగ్! బ్యాగు ఫ్రీ!" అక్కడ నిలబడటానికి చోటు లేదు.

సముద్రం చూడకముందు దుర్గేష్ సార్‌కు అరవై ఒక్క మంది. చూశాక ముగ్గురం. నేను, మధులత, పూల్‌లో ఏం ఉతుకుతారో చూద్దామని వచ్చి ఇప్పుడు నాకంటే బాగా ఈదుతున్న కమలకుమారి. చెప్పానా, లేదా? ఆయన హాయిగా నాలుగో అంతస్తులో నీలం గీతలు గీసుకుంటూ ఉండి ఉంటే ఈ నష్టం వచ్చేదా? సముద్రం దగ్గరికి వెళ్తే తడుస్తారు. తడిస్తే నిజం చెప్పబుద్ధవుతుంది. ఇక బ్యాచ్ ఎలా నిండుతుంది?

మొన్న సాయంత్రం ఆ రెండు బోర్డుల మధ్య నిలబడి ఉన్నాను. జడ వేసుకున్న కూతుర్ని వెంటబెట్టుకుని ఒకాయన వచ్చాడు. సంచీ, ఫైలు, బస్సు దిగిన చొక్కా.

"ఏమండీ, అమ్మాయిని సర్ఫింగ్‌లో చేర్పిద్దామని. ఈ రెండింట్లో ఏది మంచిదండీ?"

నేను నా సిద్ధాంతానికి కట్టుబడ్డవాణ్ణి. "ఆ బ్యాగు ఫ్రీ ఇచ్చేదాంట్లో చేర్పించండి" అన్నాను గంభీరంగా. "అక్కడి సార్ ఇంతవరకూ సముద్రం మొహం చూడలేదు. అందుకే ఎంత అడిగినా తడబడకుండా చెబుతాడు."

ఎగతాళి అర్థమై ఆయన నవ్వాలి కదా? నవ్వలేదు. మొహం విప్పారింది. రెండు చేతులూ జోడించాడు.

"థాంక్యూ సార్!"

సార్! నన్ను! పదిహేనేళ్ళుగా ఈ సందులో తిరుగుతున్నాను. దారి చెప్పాను, బస్సు నంబర్లు చెప్పాను, పడిపోయినవాళ్ళను లేపాను. అందరూ తాతా, అంకులూ అన్నవాళ్ళే. ఒక మనిషికి తప్పుదారి చూపించగానే సార్‌నైపోయాను!

ఆయన రోడ్డు దాటేశాడు. ఆ అమ్మాయి మాత్రం దాటలేదు. మా దుర్గేష్ బోర్డు కింద ఆగి, ఆ ఒక్క ముక్కనూ రెండుసార్లు చదివి, అవతల ఫుట్‌పాత్ మీదున్న తండ్రికి వినబడేలా అరిచింది.

"నాన్నా, ముందు ఆ సార్‌కు ఈత వచ్చో రాదో అడుగు!"

సందు సందంతా ఒక్క క్షణం ఆగిపోయింది. కిటికీలు రెండు మూసుకున్నాయి.

మీరే చెప్పండి. పిల్లలు ఇలా అడగడం మొదలుపెడితే అమీర్‌పేట గతేం కావాలి? ఇక్కడ నీళ్ళు లేవు కాబట్టి సరిపోయింది గానీ, మాలో చాలామందికి ఈత రాదు.